చేతి వెనక మంట

తిరుపతి
14 సెప్టెంబరు 1943

తమ్ముడూ మునికృష్ణా, అక్క దీవెనలు అందుకో.

నిన్న సాయంత్రానికి ఇల్లు చేరాను. పాకాలలో బండి మారేటప్పుడు మీ బావ టిక్కెట్ల కిటికీ మూసేసి మరీ ప్లాట్‌ఫారం మీదికి వచ్చారు. "సూది దొరికిందా? యాడుండాది, సూపీ" అని ఒకటే తొందర. నువ్వు సీసాలో వేసి ఇచ్చిన ముక్క చూపిస్తే, "దీనికా ఇంత గోల సేసినావు!" అని నవ్వారు. ఆయనకేం, నవ్వుతారు. బొంత కుడుతుంటే విరిగి అరచేతిలోకి దిగింది నాకు కదా! ఇక్కడి డాక్టరు రెండు చోట్ల కోసినా దొరకలేదు. బడిలో సుద్దముక్క పట్టుకుంటే ప్రాణం పోయేది. పిల్లల చేతనే నల్లబల్ల మీద రాయించేదాన్ని.

మీ ఆసుపత్రిలోని ఆ చీకటి గది ఇంకా కళ్లలోనే ఉంది. బల్ల మీద చెయ్యి వెల్లకిలా పెట్టమన్నావు. పైన తెర వెలిగింది. పచ్చటి వెలుగులో నా వేళ్ల ఎముకలు నాకే కనిపించాయి. వాటి మధ్య నల్లటి గీతలా సూది. నీ పటకారు దగ్గరికి వచ్చేసరికి అది పక్కకు జారిపోయేది. పొద్దున దొరకలేదు, భోజనాలయ్యాక మళ్లీ కూర్చున్నాం. నాకు విసుగొచ్చింది గానీ నీకు రాలేదు. చివరికి సూది బయటికి వచ్చినప్పుడు మీ యజమాని ఏకాంబరం గారు గుమ్మంలో నిలబడి, "ఇంక దీనికి మద్రాసు దాకా పోయే పన్లే" అన్నారు చూడు, మా తమ్ముడు డాక్టరని ఊరంతా చాటాలనిపించింది.

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఓర్చుకో.

పంకజాక్షి


చిత్తూరు
19 సెప్టెంబరు 1943

అక్కకు నమస్కారాలు.

వంకర అక్షరాలన్నీ కూడబలుక్కుని చదివాను. బాగానే ఉన్నాయి, నేను మందుల చీటీ మీద రాసేవాటి కన్నా నయం.

అరచేతి కోతకు తడి తగలనివ్వకు. వారం తర్వాత అక్కడి కాంపౌండరు చేత కుట్లు విప్పించుకో. నిన్ను అంతసేపు కూర్చోబెట్టినందుకు ఏమీ అనుకోవద్దు. యుద్ధం వచ్చాక ఎక్స్‌రే ఫిలిములు దొరకడం లేదు. వెనకటిలా ఫొటో తీసి, కడిగి, చూసుకుని పని చేసే వీలు లేదు. తెర వెలిగించుకుని, చూస్తూ చూస్తూనే చెయ్యాలి.

నువ్వు వెళ్లిన మర్నాడే బండి తోలే మునెయ్యకు తొడ ఎముక విరిగింది. ఇంటివాళ్లు పుత్తూరు కట్టుకు తీసుకుపోవాలని బయలుదేరి, మన యంత్రం సంగతి విని ఇటు తిరిగారు. తెర మీద చూస్తూ ఎముక కూర్చాను. ఏకాంబరం గారి ఆనందం అంతా ఇంతా కాదు. దారిన పోయేవాళ్లను పిలిచి యంత్రం చూపిస్తున్నారు.

బావకు చెప్పు, సూది నవ్వులాట కాదని.

మునికృష్ణ


తిరుపతి
10 అక్టోబరు 1943

తమ్ముడికి, దసరా సెలవుల్లో తీరిగ్గా రాస్తున్న ఉత్తరం.

బొమ్మల కొలువు పెట్టాను. కిందటేడు విరిగిన ఏనుగుకు మీ బావ లక్కతో తొండం అతికించారు. అది పామును మింగినట్టు కనిపిస్తోంది.

చెయ్యి మళ్లీ ఎర్రబడిందిరా. మొదట దురద పెట్టింది, తర్వాత బొబ్బలు లేచాయి. ఎదురింటి గురవమ్మ చూసి, "ఇంగిలీసు మందులు వేడి సేస్తాయమ్మా, సల్లబడాల" అని వేపాకు, పసుపు నూరి పట్టు వేసింది. రెండు రోజులు చల్లగానే ఉంది, తర్వాత మళ్లీ మంట. ఏం చెయ్యమంటావు?

బదులు తొందరగా రాయి.

అక్క


చిత్తూరు
15 అక్టోబరు 1943

అక్కా,

కోపంతో రాస్తున్నాను, ముందే చెబుతున్నాను. కోసి కుట్టిన చోట వేపాకు ముద్ద పెడతారా? పిల్లలకు ఆరోగ్య పాఠం చెప్పే పంతులమ్మవు నువ్వు! కోత చీము పట్టి ఉంటుంది. ఆ పట్టు తీసి పారెయ్యి. వేడినీళ్లు కాచి చల్లార్చి కడుగు. రైల్లో వస్తున్న మనిషి చేత మలాము పంపుతున్నాను, రెండు పూటలా రాయి. గురవమ్మను గడప దాటనివ్వకు.

ఇక్కడ పనితో ఊపిరి సలపడం లేదు. క్షయ రోగులను కూడా తెర ముందు నిలబెట్టి చూస్తున్నాం.

మునికృష్ణ


తిరుపతి
2 నవంబరు 1943

మునికృష్ణా,

నీ మలాము రాశాను. గురవమ్మను రావద్దన్నాను. రెండూ దండగే అయ్యాయి.

నువ్వు నా ఉత్తరం సరిగా చదవలేదో, నేనే సరిగా రాయలేదో. అరచెయ్యి ఎప్పుడో మానింది, కుట్ల గుర్తు కూడా పల్చబడింది. పుండు పడింది చేతి వెనక. నీ కత్తి అసలు తాకని చోట. తెలిసిందా? వేలి మొదళ్ల నుంచి మణికట్టు దాకా, నాలుగు మూలలూ గీత గీసినట్టు పలకలా ఉంది. దాని అవతల చర్మం మామూలుగానే ఉంది. మధ్యలో పైచర్మం ఊడిపోయి తెల్లగా పాలిపోయింది. మానే జాడ లేదు.

నేను రావద్దన్నానని గురవమ్మకు కష్టం తోచినట్టుంది. వీధి కుళాయి దగ్గర, "అది పెద్దరోగమే, మా చిన్నాయనకు ఇట్లానే మొదులైంది" అన్నదట. కుష్టు అనే మాట ఎవరూ పలకరు, అందరికీ అర్థం మాత్రం అవుతుంది. నిన్న హెడ్మిస్ట్రెస్ శకుంతలమ్మ గారు నన్ను పక్కకు పిలిచి, "కొన్నాళ్లు సెలవు పెట్టు పంకజా. ముగ్గురు తల్లులు పిల్లల్ని మాన్పించేసినారు" అన్నారు. ఆమె కళ్లల్లో నీళ్లు. ఆమెను తప్పు పట్టలేను. పెద్దరోగానికి స్పర్శ తెలియదంటారు కదా, నాకు దూది తగిలినా ప్రాణం పోతోంది అన్నాను.

నువ్వు ఒక్కసారి వచ్చి నీ కళ్లతో చూసి చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాను.

అక్క


తిరుపతి
22 నవంబరు 1943

మునికృష్ణకు.

వచ్చావు, చూశావు, వెళ్లావు. నేను అడిగినదానికి జవాబు మాత్రం రాలేదు.

నువ్వు వెళ్లినప్పటి నుంచీ రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. నీకు ఇష్టమని ఉలవచారు కాచాను, రాగి సంగటి చేశాను. వంట అంతా ఎడమచేత్తోనే చేశాను, కుడిచెయ్యి గుడ్డలో చుట్టుకునే ఉన్నాను. నువ్వు విస్తరి ముందు కూర్చోనే లేదు. కడుపు బాగాలేదన్నావు. మజ్జిగ ఇస్తే లోటా ఎత్తి పోసుకున్నావు. ఒంటి మీది శాలువ తియ్యలేదు. నా చెయ్యి దూరం నుంచే చూశావు, పట్టుకుని చూడలేదు. "మద్రాసులో పెద్ద డాక్టర్ని అడిగి రాస్తాను" అని మూడు గంటల బండికి పరుగెత్తావు.

మీ బావ, "వాడికి ఏదో పని ఉన్నట్లుండాదిలే" అన్నారు. ఆ సంగటి ఎవరమూ తినలేకపోయాం.

వీధిలో వాళ్లు భయపడితే ఓర్చుకున్నాను. నా చేతి ముద్దలు తిని పెరిగినవాడివి, డాక్టరువి, నువ్వే భయపడ్డావంటే ఇంక నాది పెద్దరోగమే కదా! ఆ మాట ఏదో నేరుగా చెప్పెయ్యి. ఎక్కడికి పోవాలో అక్కడికి పోతాను.

పంకజాక్షి


చిత్తూరు
28 నవంబరు 1943

అక్కా,

నీది పెద్దరోగం కాదు. ఈ ఉత్తరంలో ఇంకేమీ చదవకపోయినా ఈ ముక్క చదువు. కాదు.

మద్రాసు నుంచి నిన్ననే వచ్చాను. ఆ రోజు నీ ఇంట్లో నేను ఎందుకు తినలేదో చెబుతాను. నా కుడిచేతి వేళ్లు పగిలిపోయి ఉన్నాయి. గోళ్లు గరుకుగా చీలాయి. చూపుడు వేలి మీద చిన్న పుండు ఉంది. కొన్ని నెలలుగా మానడం లేదు. సబ్బు పడలేదనుకున్నాను, లోషను పడలేదనుకున్నాను. కారం తగిలితే కళ్లు తిరుగుతాయి. నీ ఉలవచారు వాసనకు నోరూరుతుంటే ఎదురుగా కూర్చోలేక కడుపు నొప్పి అని అబద్ధం చెప్పాను. శాలువ కింద దాచింది నా చెయ్యి. నీ చెయ్యి చూసిన క్షణంలో నా చెయ్యి గుర్తొచ్చింది. రెండూ ఒకటేనా అనే అనుమానంతోనే ఆ బండికి పరుగెత్తాను. తేలేదాకా నీకు చెప్పే ధైర్యం లేకపోయింది.

మద్రాసులో పెద్ద డాక్టరు నా చేతులు చూడగానే అడిగాడు, "తెర కింద ఎంతసేపు పెడతావు?" అని. నీ పుండు ఎలా ఉందో చెబితే కాగితం మీద తానే నలుచదరం గీసి చూపించాడు. ఎక్స్‌రే వచ్చే గొట్టం బల్ల కింద ఉంటుంది. దాని మూత తెరిస్తే ఏర్పడే కంత నాలుగు పలకలుగా ఉంటుంది. నువ్వు చెయ్యి వెల్లకిలా పెట్టావు. అంటే చేతి వెనక భాగం గొట్టానికి దగ్గరగా ఉంది. ఆ రోజంతా ఎక్స్‌రే అక్కడే పడింది. అది నిప్పులా అప్పటికప్పుడు కాలదు. ఏమీ తెలియదు. మూడు వారాలకో నెలకో చర్మం లోపలి నుంచి చస్తుంది.

నా పుస్తకంలో ఈ సంగతి ఒక పేరా ఉంది. చదివాను కూడా. పాతకాలపు యంత్రాల మాట అనుకుని పేజీ తిప్పాను. సూది దొరకాలి అన్నదే నా ధ్యాస. నిన్ను కాల్చింది నేను, అక్కా. వేపాకు కాదు, గురవమ్మ కాదు. ఊరికే నీ మీద కోప్పడ్డాను.

మునెయ్య కూడా ఇవాళ వచ్చాడు. ఎముక అతికింది, తొడ మీద పలక లాంటి పుండు.

నిన్ను మద్రాసులో చేర్చుకుంటామన్నారు. చచ్చిన చర్మం తీసి, తొడ మీది చర్మం తెచ్చి అతికిస్తారట. బావను సెలవు పెట్టమను. నేను ఏర్పాట్లు చేస్తున్నాను. నువ్వు ఏం తిట్టినా తిట్టు, ప్రయాణం మాత్రం ఆపకు.

మునికృష్ణ


తిరుపతి
3 డిసెంబరు 1943

ఒరే మునికృష్ణా,

ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. పెద్దరోగం కాదన్నందుకు కాదు, నువ్వు నా చేతి కూడు అసహ్యించుకోలేదన్నందుకు. ఆ తర్వాత కోపం వచ్చింది. రాలేదని రాస్తే అబద్ధం అవుతుంది. రెండు రోజులు నీ పేరు ఎత్తితే మీ బావ మీద అరిచాను. "ఆయప్ప కావాలని సేసినాడా ఏం?" అని ఆయన అన్నారు. కావాలని చెయ్యలేదు. అందుకే కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఎదురుగా కూర్చుని, "అక్కా, నా వేళ్లు ఇట్లా ఉండాయి" అని ఒక్క మాట అని ఉంటే, ముద్దలు కలిపి నోట్లో పెట్టేదాన్ని కదరా. ఎడమచెయ్యి ఉంది కదా నాకు.

మద్రాసుకు వస్తాను. కానీ ఒకటి అడుగుతాను. నా మీద పడ్డ మాట నువ్వే తుడవాలి. నేను ఎంత చెప్పినా రోగం దాచుకుంటోందనే అంటారు. శకుంతలమ్మ గారు ఈ నెలాఖరుకు నా చోటులో ఇంకొకరిని వేసుకోవాలి, లేకపోతే క్లాసు మూతపడుతుంది. ఆ లోపల నువ్వు బడికి వెళ్లి చెప్పు. డాక్టరు మాటగా చెప్పు. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు.

నీ చెయ్యి కూడా వాళ్లకు చూపించుకుంటావు కదూ మద్రాసులో?

అక్క


తిరుపతి
20 డిసెంబరు 1943

మద్రాసులో ఉన్న అక్కకు, నీ ఇంట్లో నీ బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

ఇవాళ బడికి వెళ్లి వచ్చాను. అంతకు ముందు జరిగింది చెప్పాలి. తిరుపతి వెళ్తున్నాను, ఇదీ సంగతి అని ఏకాంబరం గారికి చెప్పాను. "అక్కకు వైద్యం నేను సేయిస్తా. మునెయ్యకూ సేయిస్తా. నోరు మాత్రం ఇప్పొద్దప్పా. నువ్వొక మాట అంటే రేపట్నుంచి మన గడప ఎవురూ తొక్కరు" అన్నారు. అడిగింది అన్యాయమని ఆయనకూ తెలుసు, గొంతులోనే తెలిసింది. నేను చెప్పి తీరాలన్నాను. "అయితే నీ ఇష్టం" అని లేచి ఆ గదికి తాళం వేసేశారు.

శకుంతలమ్మ గారు తల్లులందరినీ పిలిపించారు. వరండా నిండింది. మీ గురవమ్మ అందరికన్నా ముందు కూర్చుంది, పక్కన మనవరాలు. చెప్పవలసింది ఇంట్లో వల్లించుకుని వెళ్లాను, అక్కడ ఒక్క ముక్కా గుర్తు రాలేదు. కట్టు విప్పి నా చెయ్యి చూపించాను.

గురవమ్మ లేచి దగ్గరికి వచ్చి వంగి చూసింది. "నీకూ వచ్చిందా నాయనా! అక్క నుంచి అంటిందా?"

"లేదవ్వా. మా ఆసుపత్రిలో ఎక్స్‌రే యంత్రం ఉండాది. దాని కింద శానాసేపు పెడితే ఒళ్లు కాలతాది. అక్క చేతిలో సూది తీసేదానికి నేనే పెట్టినాను. నా చెయ్యీ దాని కిందనే ఉండె."

"అయితే పెద్దరోగం కాదా?"

"కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. కాలిన పుండు, అంతే."

"డాక్టరువి, నువ్వే కాల్సినావా?"

"నేనే కాల్సినానవ్వా."

గురవమ్మ నా మొహంలోకి చూస్తూ నిలబడింది. తర్వాత తల్లుల వైపు తిరిగి, "ఆయమ్మ మీద నేనే అన్న్యాయంగా నోరు పారేసుకున్నా" అంది. ఒకామె మాత్రం నమ్మలేదు, తమ్ముడు కాబట్టి అలా చెబుతున్నాడంది. ఆమె కూతుర్ని పంపదు కాబోలు. మిగతావాళ్లు పంపుతామన్నారు. నీ చోటు నీకే ఉంచుతానని శకుంతలమ్మ గారు చెప్పమన్నారు.

నిన్ను చేర్చి వచ్చిన బావ రోజూ ఉత్తరం రాయమన్నారని, రాసిపెట్టమంటూ నర్సును విసిగించకు.

మునికృష్ణ


మద్రాసు
24 జనవరి 1944

తమ్ముడికి, ఆసుపత్రి మంచం మీద నుంచి.

చర్మం అతుక్కుంది. నిన్న కట్టు విప్పినప్పుడు కళ్లు మూసుకున్నాను. పక్క మంచం ఆమె, "నల్లా ఇరుక్కు, పార్మా", బాగుంది చూడమ్మా అని అరవంలో ధైర్యం చెబితే అప్పుడు చూశాను. మాసిక వేసిన బొంతలా ఉంది. మాసిక వేసింది ఎవరో గానీ కుట్టు చక్కగా వేశారు. చిటికెన వేలు, ఉంగరం వేలు పూర్తిగా ముడుచుకోవట. మిగతావి వంగుతాయి. సుద్దముక్కకు అవి చాలు.

నీ చూపుడు వేలి కొన తీసెయ్యాలని డాక్టరు నాతోనే అన్నాడు. నాకు చెప్పకుండా వాయిదా వేస్తున్నావట. ఇంకా ఎంత దాచుకుంటావు? నేను ఇక్కడ ఉండగానే వచ్చి చేరు. ఒకరికొకరు తోడుగా ఉంటాం. పుండును అలా వదిలేస్తే చెయ్యంతా పాకుతుందని ఆయన గట్టిగా చెప్పాడు.

ఏకాంబరం గారు మొన్న వచ్చారు. కమలాపండ్లు తెచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, "మీ తమ్ముడి మీద నాకు కోపం లేదమ్మా" అని మూడుసార్లు అన్నారు. గది తాళం తియ్యమని ఊళ్లో అడుగుతున్నారట. తియ్యాలా అని నన్నే అడిగారు. నాకేం తెలుసు? "మా వాడి వేలు మానినాక వాడినే అడగండి" అన్నాను.

రా, మరి.

అక్క


తిరుపతి
19 జూన్ 1944

మునికృష్ణా,

ఈ చీటీ తెచ్చింది గురవమ్మ. మనవరాలు నాగులు నా క్లాసు పిల్లే. పొద్దున చిల్లుకాణీ నోట్లో పెట్టుకుని ఆడుతూ మింగింది. గొంతులో ఇరుక్కుంది. ఊపిరి ఆడుతోంది, నీళ్లు కూడా దిగడం లేదు. ఇక్కడ తియ్యలేమన్నారు.

చిత్తూరుకు తీసుకుపొమ్మంటే ఈమె నా చెయ్యి పట్టుకుని, ఈ మాసికల చెయ్యే పట్టుకుని, "ఆ మిసను కాడికా? నువ్వు సెప్పు తల్లీ, పోవచ్చునా?" అని అడిగింది. నేను ఆ చెయ్యి వైపే చూశాను. తర్వాత పొమ్మన్నాను. చూడవలసినంతే చూస్తాడు, ఆ పైన చూడడు అన్నాను. నీ పక్కనే నిలబడి తానే కనిపెట్టుకుంటానంది. సరే అన్నాను. బొగ్గుతో నడిచే బస్సు బయలుదేరుతోంది.

అక్క


చిత్తూరు
20 జూన్ 1944

అక్కా,

పటకారుతో తీస్తే కాణీ బయటికి వచ్చింది. నాగులు పొద్దున రెండు ఇడ్లీలు తిని, ఇంకోటి కావాలని ఏడ్చింది.

గది తెరిచాక మేము పెట్టుకున్న కట్టుబాట్ల ప్రకారమే చేశాను. గొట్టం మూత ఇరుకుగా పెట్టాను. ఎక్స్‌రే తగలకుండా చేతులకు సీసం తొడుగులు వేసుకున్నాను. తెగిన వేలి మీద అవి బరువుగా ఉంటాయి, అలవాటు చేసుకుంటున్నాను. పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, అందరినీ బయటికి పొమ్మన్నాను. మీ గురవమ్మ పోలేదు. "పంకజమ్మ నిలబడమన్నాది" అని తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెతో వాదిస్తే పిల్ల బెదురుతుంది. సరే, అక్కడి నుంచి కదలొద్దన్నాను.

దీపం ఆర్పి మీట వేశాను. తెర మీద గుండ్రంగా కాణీ, నడుమ చిల్లు, గొంతు మొదట్లోనే ఉంది. ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో తెలిసింది. అంతే చూడాలి. మీట తీసేశాను. ఇంకోసారి చూస్తే బాగుండునని చెయ్యి మీట మీదికి పోయింది. వెనక్కు తీసుకున్నాను. దీపం కోసం గోడ తడుముతుంటే చీకట్లో గురవమ్మ గొంతు గది అదిరేలా వినిపించింది.

"సాలు! సాలప్పా డాక్టరూ, ఆపు!"

"ఆపి శానాసేపైందవ్వా," అన్నాను.

మునికృష్ణ